కాపలా కంటే ముందు లేచిన గేటు

ఉదయం తొమ్మిదీ పదికి స్టాప్‌వాచ్ చనిపోయాడు. ఎడమ చెంప నున్నగా గీసి ఉంది. కుడి చెంప మీద పుదీనా నురగ ఇంకా ఆరలేదు.

సెలూన్‌లో మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో తల వెనక్కి వాల్చి, ముఖం మీద వేడి తువ్వాలు కప్పుకుని, హాయిగా కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. పక్క కుర్చీలో తలకి రంగు వేయించుకుంటున్న పెద్దమనిషి పావుగంట సేపు అలాగే అనుకున్నాడు. తువ్వాలు చల్లారి, అంచు నుంచి నీళ్ళు కారి చొక్కా తడుస్తున్నా మనిషి కదలకపోయేసరికి అనుమానం వచ్చింది. అప్పటికే గడ్డం గీస్తున్నవాడు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. రెండు రోజుల క్రితమే పనిలో చేరాడట. చెయ్యి మహా తేలికట.

తొమ్మిదీ నలభైకి సగం దించిన షట్టర్ కింద నుంచి చీపురు లోపలికి దూరింది. నీళ్ళ మీటరు చూసే మనిషి వేషం. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, చంకలో అట్ట పుస్తకం.

ఆమె అసలు పేరు గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఒకే ఒక్క ఫైల్లో ఉంటుంది. పైకి ఆమె మెట్రో రైళ్ళ సిగ్నల్ కేంద్రంలో ప్రోగ్రామర్. లోపల ఆమె పని ఆ కేంద్రంలో విదేశీ ముఠా వేలు పెట్టకుండా చూడడం. ప్రోగ్రామర్ల మధ్య కలిసిపోవాలంటే ఏదో ఒక పని చెయ్యాలి కాబట్టి ఎవరికీ ఇష్టం లేని పని ఎంచుకుంది. పాత కోడ్‌లో పేరుకున్న చెత్త ఊడ్చడం. రెండేళ్ళలో చీపురు అన్న పేరు ఇటు ఆఫీసులోనూ అటు డిపార్ట్‌మెంట్‌లోనూ అతుక్కుపోయింది.

మూడో కుర్చీలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్ చీఫ్. తల తిప్పకుండా అద్దంలోంచే మాట్లాడాడు.

"మెడ వెనక చూడమ్మా."

చూసింది. జుట్టు కింద ఆవగింజంత ఎర్రటి చుక్క.

"సూది. రెండు నిమిషాల పని. సంచీ పట్టుకుపోయారు. జేబులు తిరగేశారు."

"ఈయన మన మనిషి కాదు కదా సార్."

"కాదు. మీ ఆఫీసు మనిషి. అందుకే నిన్ను పిలిచాను. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి ఊరంతా లైట్లు నడిపే మీ సిగ్నల్ కేబినెట్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అవుతున్నాయి. దానికి మూడు గంటల ముందు ఈయన్ని చంపారు. మిషన్ నీదే."

చీపురు జేబు తడుముకుంది. జేబులో ఫోన్ బరువుగా ఉంది. అందులో ఎనిమిదీ ఇరవై రెండుకి ఒకటి, ఇరవై నాలుగుకి ఒకటి, ముప్పై ఒకటికి ఒకటి, మూడు మిస్డ్ కాల్స్. మూడూ ఈయనవే. ఆ సమయానికి ఆమె వంటింట్లో మాడిపోయిన బ్రెడ్ ముక్కని చాకుతో గోకుతోంది. ఆ నల్లపొడి మొగుడి ముక్కుకి అంటుకుంటే నవ్వు ఆపుకోలేక గట్టు పట్టుకుని నిలబడింది. పెళ్ళై నలభై ఒక్క రోజులు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు కనిపిస్తేనే పొద్దున్నే ముఖం వికసించే రోజులు. ఫోన్ మోగుతూంటే "ఆఫీసే అయ్యుంటుంది, పోనిద్దూ" అంది తనే.

కేంద్రంలో రీస్టార్ట్ సమయాలు కొలిచే పని ఆయనది, అందుకే అందరూ స్టాప్‌వాచ్ అనేవాళ్ళు. పెళ్ళికి ఆయన ఒక గడియారం ఇచ్చాడు. సెకనులో వెయ్యో వంతు చూపిస్తుంది, సిగ్నల్ కేంద్రం గడియారంతో సరిగ్గా కలిసి నడుస్తుంది. "కొత్త కాపురానికి ఇంతకంటే పనికిరాని వస్తువు దొరకలేదమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. అదిప్పుడు ఆమె మణికట్టు మీదే ఉంది.

ఆమె ఆయన కళ్ళజోడు డబ్బా అడిగింది. ఎవరూ దాన్ని తెరవలేదు, చొక్కా జేబులో మామూలుగా ఉండేదే కదా అని. అద్దాలు తుడిచే గుడ్డ కింద, నాలుగు మడతలు పెట్టిన సన్నటి కాగితం. బూట్ లాగ్ నుంచి, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు ఏది ఎప్పుడు లేచిందో రాసుకునే చిట్టా నుంచి, చింపిన ముక్క. రెండే లైన్ల కింద పెన్సిలుతో గీతలు.

3.1 సెకన్లు: గేటు సిద్ధం.
3.5 సెకన్లు: కాపలా సిద్ధం.

"ఏమిటది?" అన్నాడు పెద్దాయన.

"వరుస సార్. తలకిందులైంది."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె సబ్బు నురగ ఆరిపోతున్న ఆ కుడి చెంప వైపు చూడకుండా చెప్పింది.

"కంప్యూటర్‌కి కరెంటు రాగానే ముందు లేచేది కెర్నెల్. ఇంటికి పెద్దకోడలు లాంటిది. తను లేచి మిగతావాళ్ళని ఒక్కొక్కరినే లేపుతుంది. జ్ఞాపకం, గడియారం, డిస్కు, అలా. ఎవరు ఎవరి తర్వాత లేవాలో దానికో వరుస ఉంటుంది. గేటు అంటే బయటి నెట్‌వర్క్‌కి తలుపు తీసే రొటీన్, చిన్న ప్రోగ్రాము. కాపలా అంటే వచ్చేవాళ్ళ చీటీ చూసే రొటీన్. కాపలా లేచి నిలబడ్డాకే గేటు తియ్యాలి. ఈ లాగ్‌లో గేటే ముందు లేచింది."

"అంటే దొంగ కోడ్ ఏదో ఎక్కించారా?"

"ఏమీ ఎక్కించలేదు సార్. ఎక్కిస్తే మా టెస్టులు పట్టుకునేవి. ఇద్దరూ మనవాళ్ళే. ఒకరి కంటే ఒకరు ముందు లేచారు, అంతే. తలుపు తీసి ఉండి వాకిట్లో ఎవరూ లేని సమయం నాలుగు వందల మిల్లీసెకన్లు. లోపలికి దూరడానికి అది చాలు."

"దూరితే?"

"అరవై నాలుగు కేబినెట్లూ వాళ్ళ చేతికి వస్తాయి. జంక్షన్లో ఎదురెదురు రైళ్ళకి రెండు వైపులా పచ్చ లైటు."

పన్నెండు తర్వాత ఆ జంక్షన్ దాటే మొదటి రైలు ఎవరు నడుపుతారో ఆమె చెప్పలేదు. పొద్దున మొగుడి టిఫిన్ డబ్బా మూత మీద "డ్రైవర్ గారూ, జాగ్రత్తగా తినండి, మీరు కూడా మాడిపోకండి" అని చీటీ అంటించింది తనే.

పదీ ఐదుకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: *మీ చత్వారం అద్దాలు తయారయ్యాయి.*

చత్వారం రావడానికి ఇంకా పదిహేనేళ్ళు టైముంది. అది ముత్యాలు పంపిన కబురు.

ముత్యాలు నాలుగేళ్ళుగా ముఠాకి మూటలు మోస్తోంది. నాలుగేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి ఆ మూటల్లో ఏముందో చెబుతోంది. ఎవరికి ఎక్కువ చెబుతోందో ఇద్దరికీ తెలియదు. కళ్ళద్దాల షాపులో గోడ నిండా అద్దాలు. ప్రతి అద్దంలోనూ ఆమె, మెడలో మూడు వరుసల ముత్యాలతో, నీలం చీరలో, ఒక ఫ్రేమ్ తీసి ఇంకొకటి పెట్టుకుంటూ. షాపు అసిస్టెంట్ ఆమెకి అద్దం పట్టుకోవడంలో లోకం మర్చిపోయాడు.

"దూరం బాగా కనిపిస్తోందా అక్కా?" అంది చీపురు పక్కన నిలబడి.

"దూరానికేం చెల్లీ. దగ్గరే మసక."

గుర్తు మాట సరిపోయింది. ముత్యాలు అసిస్టెంట్‌ని ఎర్ర ఫ్రేములు తెమ్మని లోపలికి పంపింది.

"సెలూన్ సంగతి నాకు తెలీదు" అంది ముందుగానే. "తెలిస్తే కబురు చేసేదాన్ని."

"చేసేదానివా?"

"బహుశా." ఆమె కళ్ళద్దాలు తీసి చీపురు ముఖంలోకి చూసింది. "బుగ్గలు చూడు. కొత్త పెళ్ళికూతురివని మైలు దూరం నుంచి తెలుస్తోంది. ఈ ఉద్యోగం మానెయ్ చెల్లీ. సంతోషంగా ఉన్నవాళ్ళకి ఇది నప్పదు."

"పన్నెండింటికి ఏం జరగబోతోంది?"

"మీ కేంద్రంలో, స్విచ్ గదిలో, మావాళ్ళ పెట్టె ఒకటి కూర్చుని ఉంది. ఎక్కడుందో నాకు తెలీదు, ఆ గదిలో రెండు వందల వైర్లు. మీ కేబినెట్లు లేచినప్పటి నుంచి ఆపకుండా తలుపులు తడుతూ ఉంటుంది. ఏ క్షణాన తలుపు తీసి కాపలా లేకపోతే ఆ క్షణాన లోపలికి."

"కోడ్ ఎవరు మార్చారు?"

"మేం మీ దగ్గర కోడ్ ఏమీ తీసుకోలేదు. ఒక్క తీసివేత తీసుకున్నాం. ఒక లైను. అంతే." ముత్యాలు ఇంకో ఫ్రేమ్ పెట్టుకుంది. అద్దంలో తనని చూసుకుంటూ, గొంతు మారకుండా అంది: "తీసినాయన దానికి ఏమీ అడగలేదు. ఒక్క పైసా కూడా. అలాంటివాళ్ళని చూస్తే నాకు భయం. వాళ్ళకి కావలసింది మన దగ్గర ఉండదు."

"ఎవరు?"

"పేరు చెప్పరు మాకు. 'ముసలాయన' అంటారు." బయటికి చూసింది. "నీకు ఇంత చెప్పాను. పన్నెండు దాకా నన్నెవరూ వెతక్కూడదు. సరేనా."

ఎర్ర ఫ్రేములు పట్టుకుని అసిస్టెంట్ వచ్చేసరికి కౌంటరు దగ్గర నీళ్ళ మీటరు మనిషి ఒక్కతే ఉంది. అతను ఉస్సూరుమన్నాడు.

సిగ్నల్ కేంద్రంలో ఆ లేచే వరుస రాసి ఉన్న ఫైలు ముట్టుకునే ముసలాయన ఒకే ఒక్కడు. అందరూ మాస్టారు అనే ఆయన.

వీధిలో నడుస్తూ చీపురు పెద్దాయనకి ఫోన్ చేసింది. రీస్టార్ట్ ఆపమంది.

"చినిగిన కాగితం ముక్కా, ఇద్దరికీ అబద్ధం చెప్పే ఆడమనిషి మాటా. ఇవి పట్టుకుని ఊరంతా నడిచే రైళ్ళు ఆపమంటావా?"

"అవును సార్."

"పైవాళ్ళంతా వచ్చి కూర్చున్నారమ్మా. తొమ్మిది సెకన్ల రీస్టార్ట్ ఆరు సెకన్లకి తగ్గిందని చూపించాలి. ఆ ఆరు సెకన్లు నీ చలవే కదా. నీకు బహుమతి కప్పు ఇచ్చినప్పుడు నేనూ ఫోటోలో ఉన్నాను. రుజువు తే. తెస్తే ఆపిస్తాను."

ఫోన్ పెట్టేశాడు. మొగుడికి చేసింది. మోగుతూనే ఉంది. డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్ల ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు.

ఆ ఆరు సెకన్ల సంగతి పెద్దాయన సరదాకి అనలేదు. చీపురు రాసిన టూలే అది. త్వరగా లేచే రొటీన్లని ముందుకీ, బద్ధకంగా లేచేవాటిని వెనక్కీ జరుపుతుంది. ఏదైనా లైను దగ్గర "ఇది దీని ముందే ఉండాలి" అని మేకు కొట్టి ఉంటే మాత్రం దాని జోలికి పోదు. తాళంచెవులన్నీ సరిచూసుకుని లేస్తుంది కాబట్టి కాపలా సహజంగానే బద్ధకం. దాని ముందు ఇరవై రెండేళ్ళుగా ఒక మేకు ఉంది. ఆ మేకు పీకేస్తే చాలు, మిగతాది ఆమె టూలే చేసిపెడుతుంది. చేసిపెట్టింది కూడా.

మాస్టారి గది మెట్ల కింద. ఒకప్పుడు పాత కుర్చీలు పడేసే చోటు. కిటికీ లేదు. గోడ మీద ఆయన చేత్తో గీసిన పెద్ద పటం ఉంది, కరెంటు రావడం దగ్గర నుంచి సిగ్నల్ వెలగడం దాకా ఎవరి తర్వాత ఎవరో, పెన్సిలుతో, చెరిపి మళ్ళీ రాసిన మరకలతో. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆమె ఆ పటం కిందే నిలబడి పాఠం విన్నది. బల్ల మీద ఆమెకి బహుమతిగా వచ్చిన కప్పు. "ఇది మీదే మాస్టారూ" అని తెచ్చి ఇచ్చింది అప్పట్లో. ఆయన అందులో పెన్సిళ్ళు పెట్టుకున్నాడు.

"రా అమ్మాయ్. పైన కేకు కోస్తున్నారట, నువ్విక్కడేం చేస్తున్నావ్? ఈ ఖాకీ చొక్కా ఏమిటి?"

ఆమె కాగితం ముక్క బల్ల మీద పెట్టింది. ఆయన వంగి చదివాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"లాగ్ చదివేవాడు ఈ బిల్డింగ్‌లో ఒకడున్నాడు."

"ఉండేవాడు."

ఆ మాటలో తేడా ఆయన చెవికి ఎక్కలేదు.

"మేకు మీరే పీకారు మాస్టారూ."

"పీకాను. ఒక్క లైను. తర్వాతదంతా నీ టూలు చేసింది." ఆయన గొంతులో కోపం లేదు. రోజూ వేసుకునే మాత్ర గురించి చెబుతున్నట్టుంది. "ఇరవై రెండేళ్ళు ఆ వరుస కాపాడాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఇది ఇక్కడ ఎందుకుంది మాస్టారూ అని అడగలేదు. నువ్వు కూడా. 'దీనివల్ల నాలుగు వందల మిల్లీసెకన్లు పోతున్నాయి' అన్నావు. ఎందుకు అని అడిగావా?"

అడగలేదు. ఆ రోజు ఆమెకి బాగా గుర్తు. పెళ్ళి చూపుల మర్నాడు. లోకమంతా త్వరగా కదలాలనిపించిన రోజు.

"నీకు కప్పిచ్చారు. నాకు మెట్ల కింద గదిచ్చారు. బయటివాళ్ళు వచ్చి అన్నారు, ఒక్క గంటసేపు లైట్లన్నీ ఎర్రగా ఉంటాయి, రైళ్ళు ఆగుతాయి, ఎవరికీ గోరంత దెబ్బ తగలదు. అప్పుడు పైవాళ్ళంతా ఈ మెట్లు దిగి వచ్చి, వరుస అంటే ఏమిటి మాస్టారూ అని అడుగుతారు. అదే నాకు కావలసింది. దిగి వచ్చి అడగాలి."

"ఎరుపు కాదు మాస్టారూ. పచ్చ."

"ఎర్రేనమ్మాయ్. నాతో చెప్పారు."

ఆమె కళ్ళజోడు డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. మూత మీద తెల్ల పెయింటుతో చిన్న గడియారం బొమ్మ. ఆఫీసులో అందరూ గుర్తుపట్టే డబ్బా.

"పొద్దున సెలూన్‌లో చంపేశారు. సగం గడ్డంతో పోయాడు. లైట్లు ఎర్రగా వెలిగేటట్టయితే ఈయన్ని ఎందుకు చంపుతారు?"

మాస్టారు డబ్బా వైపు చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకున్నాడు. "మూడు రోజుల క్రితం వచ్చాడు. 'మాస్టారూ, లాగ్‌లో ఏదో తేడాగా ఉంది, చూస్తారా' అన్నాడు. తర్వాత చూద్దాంలే అన్నాను. వాళ్ళు ఫోన్ చేసినప్పుడు... ఒకడు చూశాడని మాటవరసకి చెప్పాను."

 పైనుంచి చప్పట్లు వినిపించాయి.

"నా మొగుడు మొదటి రైల్లో ఉన్నాడు" అంది చీపురు.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "కేబినెట్లలో ఎక్కించిన ప్రోగ్రాముకి సీలు పడిపోయింది. కేబినెట్లలో ఇప్పుడు వరుస మార్చలేం తల్లీ."

"కేబినెట్లలో మార్చలేం." ఆమె గోడ మీది పటం వైపు చూస్తోంది, అన్నిటికంటే కింద ఉన్న గడి వైపు. "ఈ బిల్డింగ్ మొత్తంలో అందరికంటే ఆలస్యంగా లేచేది ఎవరు మాస్టారూ?"

పాఠం చెప్పే మనిషి ముఖంలో ఒక్క క్షణం పాత వెలుగు వచ్చి పోయింది. "నెట్‌వర్క్ స్విచ్, కేబినెట్లన్నిటికీ వీధి లాంటిది. ఆపి మళ్ళీ వేస్తే తొంభై సెకన్లు."

"గేట్లు తెరుచుకునే వేళకి వీధే లేకపోతే?"

"కాపలా లేచాకే వీధి వస్తుంది." ఆయన అప్పటికే సొరుగులోంచి స్విచ్ గది తాళంచెవి తీస్తున్నాడు.  "కానీ పన్నెండు కొట్టాకే ఆపాలి. ముందు ఆపావో, రీస్టార్ట్ ఆజ్ఞ కేబినెట్లకి అందదు. స్విచ్ మళ్ళీ లేచాక ఆజ్ఞ వెళ్తుంది, అప్పుడు తలుపూ, వీధీ, వాళ్ళ పెట్టె కూడా ఉంటాయి. ఆజ్ఞ వెళ్ళాలి. గేటు తెరుచుకోకూడదు."

"మూడు సెకన్లు."

"మూడూ పాయింటు ఒకటి."

ఆమె గుమ్మం దాటుతూండగా వెనక నుంచి అన్నాడు: "నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

మాస్టారి సంగతి చెబుదామని మెట్ల మీంచి చేస్తే పెద్దాయన ఫోన్ ఎత్తలేదు. పదకొండూ యాభై రెండుకి స్విచ్ గది ముందు ఊడ్చే మనిషి ప్రత్యక్షమైంది. బూడిదరంగు కోటు, తలకి గుడ్డ, చేతిలో పొడుగు కర్ర చీపురు. అది డిపార్ట్‌మెంట్ వర్క్‌షాపు సరదాగా చేసి ఇచ్చిన పరికరం. పిడి తిప్పితే కర్ర రెండింతలు సాగుతుంది, కొస నుంచి కొక్కెం బయటికి వస్తుంది. కర్ర లోపల కరెంటు పారని ఫైబరు. పేరుకి తగ్గ ఆయుధం ఉండాలి కదా అన్నారు.

గది నిండా ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్న బీరువాలు, వేలాడే వైర్లు, ఫ్యాన్ల హోరు. దూరపు గోడకి మెయిన్ బ్రేకరు. దాని పక్కన నిప్పు ఆర్పే సిలిండర్లు సరిచూసే మనిషి ఒకడు, మెడలో కార్డుతో.

"ఇప్పుడు ఊడవకూడదమ్మా. పన్నెండు దాటాక రా."

"పన్నెండింటికి దుమ్ము ఉండకూడదన్నారు బాబూ. పెద్దసార్లు చూస్తారంట."

"ఎవరూ చూడరు. వెళ్ళు."

ఆమె రెండు విషయాలు గమనించింది. అతని దగ్గర పుదీనా వాసన వేస్తోంది. సెలూన్లో ఆ కుడి చెంప మీద వేసిన వాసనే. ఇక అతను తెచ్చింది నురగ సిలిండరు. కరెంటు గదిలో గ్యాసు సిలిండరు పెడతారు. నురగది పెట్టేవాడు ఈ పని నిజంగా చేసేవాడు కాడు.

ఊడుస్తూ దగ్గరికి వచ్చింది. పదకొండూ యాభై ఎనిమిది.

"చెయ్యి మహా తేలికట కదా" అంది తల ఎత్తకుండా. "కుడి చెంప వదిలేసి వచ్చారేం?"

అతను నవ్వలేదు. చేతిలో సూది ఎప్పుడు వచ్చిందో కనిపించలేదు. ఆమె కర్ర అడ్డం పెట్టింది. సూది ఫైబరులో దిగి విరిగింది. తర్వాత జరిగినదాంట్లో నేర్పేమీ లేదు. అతను బరువైన మనిషి, ఆమె కాదు. బీరువాకి వేసి కొట్టాడు. కింద పడేసి మోకాలు గుండెల మీద పెట్టి మెడ పట్టుకున్నాడు. కర్ర చేతికి అందేంత దూరంలో పడి ఉంది. సిలిండరు ఇంకాస్త దగ్గరగా.

మణికట్టు మీద గడియారం ముఖానికి ఎదురుగా ఉంది. పదకొండూ యాభై తొమ్మిది, యాభై ఆరు. స్టాప్‌వాచ్ ఇచ్చిన వెయ్యో వంతులు నీళ్ళలా పారుతున్నాయి.

సిలిండరు మీట ఆమె వేళ్ళకి తగిలింది. నొక్కింది. నురగ అతని కుడి చెంప మీద, కంట్లో, నోట్లో. మెడ మీది పట్టు ఒక్క క్షణం వదులైంది. పన్నెండు.

బీరువాల మీద దీపాలన్నీ ఒకేసారి ఆరి వెలిగాయి. ఆజ్ఞ వెళ్ళింది.

ఒకటి. ఆమె పక్కకి దొర్లి కర్ర అందుకుంది. అతను కాలు పట్టుకుని వెనక్కి లాగాడు. రెండు. పిడి తిప్పింది. కర్ర సాగి, కొక్కెం బ్రేకరు మీటకి తగిలి జారిపోయింది. రెండూ పాయింటు ఆరు. మళ్ళీ చాపింది. ఈసారి పట్టింది. నేల మీద పడుకునే, ఒళ్ళంతటి బరువుతో లాగింది.

ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. ఆకుపచ్చ దీపాలన్నీ ఆరిపోయాయి. గడియారం మూడూ పాయింటు సున్నా నాలుగు చూపించింది.

ఊళ్ళో అరవై నాలుగు చోట్ల అరవై నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. బయట వీధి లేదు. తట్టడానికి చెయ్యి లేదు. అర సెకనులోపు కాపలాలు లేచి, తాళంచెవులు సరిచూసుకుని, ఎవరి గుమ్మంలో వాళ్ళు వచ్చి నిలబడ్డారు.

చీపురు కర్ర రెండో కొసతో అతని తల మీద ఒక్కటి వేసింది. కదలిక ఆగాక లేచి బ్రేకరు వేసింది. తొంభై సెకన్లు గోడకి ఆనుకుని కూర్చుంది. స్విచ్ లేచింది. లేచీ లేవగానే కాపలా లాగ్‌లో లైన్లు పరిగెత్తాయి: చీటీ లేదు, వెనక్కి పంపాం. చీటీ లేదు, వెనక్కి పంపాం. నాలుగు వేల మూడు వందల సార్లు, ఒకే పోర్టు నుంచి. ఆ పోర్టు వైరు పట్టుకుని పోతే మూడో బీరువా అడుగున, అగ్గిపెట్టెంత నల్లపెట్టె దొరికింది.

రుజువు. పన్నెండూ నాలుగుకి.

"చూశావా, చెబితే వినవు" అన్నాడు పెద్దాయన ఫోన్లో, కేకు నములుతూ. "రుజువు ఉంటే అంతా ఎంత బావుంటుందో."

రిపోర్టులో స్విచ్‌లో స్వల్ప సాంకేతిక లోపం అని రాశారు. ఆరు సెకన్ల రికార్డు మాత్రం నిలబడింది. ముఠాలో ఐదుగురిని సాయంత్రం లోపు పట్టుకున్నారు. ముత్యాలు అప్పటికే సరిహద్దు దాటింది, ఏ వైపు సరిహద్దో ఇద్దరు యజమానులకీ తెలియదు. మాస్టారు చెప్పినట్టే ఆ గదిలోనే కూర్చుని ఉన్నాడు. పెన్సిళ్ళన్నీ చెక్కి కప్పులో వరసగా పెట్టాడు. తీసుకెళ్ళడానికి పైనుంచి ముగ్గురు పెద్దలు మెట్లు దిగి వచ్చారు. వరుస అంటే ఏమిటని అప్పుడు కూడా ఎవరూ అడగలేదు.

సాయంత్రం మొగుడు ఖాళీ టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. మూత మీది చీటీని చొక్కా జేబుకి అంటించుకున్నాడు, బ్యాడ్జీలాగా.

"ఎవరో మహానుభావుడు స్విచ్ ఆపాడట మేడమ్. తొంభై సెకన్లు జంక్షన్ ముందు బొమ్మలా నిలబెట్టారు నన్ను. నెల రోజులుగా ఒక్క సెకను లేటు లేదు, నా రికార్డు గంగలో కలిసింది. మీ ఆఫీసువాళ్ళే అయ్యుంటారు."

"అయ్యుంటారు" అంది.

"మెడ మీద ఆ ఎరుపేంటి?"

"దోమ."

ఫోన్ మోగింది. రెండో రింగు రాకుండానే ఎత్తింది. రాంగ్ నంబరు. అయినా అవతలి మనిషి సారీ చెప్పి పెట్టేసేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే ఆ ఫైలు తెరిచి మేకు మళ్ళీ కొట్టింది. పైన కామెంట్ రాసింది: *ఈ వరుస మార్చకండి. దీనికోసం ఒక మనిషి చచ్చిపోయాడు.*

మార్పు రివ్యూకి వెళ్ళింది. మొదట ఆమె టూలే ఎర్రజెండా ఊపింది: రీస్టార్ట్ నాలుగు వందల మిల్లీసెకన్లు పెరిగింది, కారణం తెలపండి. తెలిపింది. మధ్యాహ్నానికి మూడో అంతస్తు నుంచి రివ్యూ చేసే ఆయన జవాబు వచ్చింది. మార్పు సరే, కానీ కామెంట్ పొడుగైంది, నియమం ప్రకారం ఒక వాక్యం చాలు, రెండోది తీసెయ్యగలరు.

చీపురు రెండు వాక్యాలూ మళ్ళీ చదువుకుంది. మొదటిది తీసేసింది.